ముందు ఓడింది ఎవరో అడగండి

(అనువాదం నేర్చుకుంటున్న విద్యార్థుల ఎదుట విజయవాడలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ ఊళ్లో నిలబడి విజయం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అర్జునుడు ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతం సంపాదించాడని, ఆయనకున్న విజయుడనే పేరుతోనే ఇది విజయవాడ అయిందని స్థలపురాణం చెబుతుంది. అయినా బెజవాడ అనేవాళ్లు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. బోర్డు మీద ఒక మాట, నోట్లో ఒక మాట. ఇంగ్లీషువాడి గెలుపు మాటల కథ కూడా ఇలాంటిదే. బోర్డు మీద విక్టరీ, నోట్లో విన్.

విక్టరీని మన తెలుగువాళ్లు ఎప్పుడో దత్తత తీసుకున్నారు. సినిమా దర్శకుల్లో వీరమాచనేని మధుసూదనరావు గారిని విక్టరీ మధుసూదనరావు అనే పిలిచేవారు. ఆ తర్వాత వచ్చిన విక్టరీ వెంకటేష్ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంటిపేరంత గట్టిగా అతుక్కుపోయింది. ఆ స్థానంలో రెండో మాట పెట్టి చూడండి. విన్ వెంకటేష్. (నవ్వులు) చూశారా, నవ్వారు. ఎందుకు నవ్వారో మీరే చెప్పగలిగితే ఇవాళ నా ప్రసంగంతో పనిలేదు. నిఘంటువు తీస్తే రెండింటికీ గెలుపు, విజయం అనే ఉంటుంది. తేడా మీ చెవికి తెలుసు, మీ చేతికి ఇంకా తెలియదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా పత్రికల డెస్కులో పనిచేశాను. చేరిన కొత్తలో ఒక రాత్రి క్రికెట్ వార్త అనువదించాను. ఆఖరి ఓవర్లో, చేతిలో ఒకే ఒక్క వికెట్ ఉండగా ఒక జట్టు గెలిచింది. నేను ఏమాత్రం తడుముకోకుండా 'ఘన విజయం' అని శీర్షిక పెట్టాను. మా చీఫ్ సబ్ ఎడిటర్ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, ఎర్ర పెన్ను మూత కూడా తీయకుండా అడిగాడు: "ఇందులో ఘనం ఏముందయ్యా? ఆ ఆఖరివాడు క్యాచ్ ఇచ్చి ఉంటే ఇదే ఆటకు ఘోర పరాజయం అని పెట్టేవాడివా?" నేను నోరెత్తలేదు. "ముందు ఓడింది ఎవరో, ఎంతలో ఓడారో అడుగు. గెలిచినవాడి సంగతి ఆ తర్వాత చూద్దాం" అన్నాడు.

ఆయన అది క్రికెట్ గురించే అన్నాడు. తర్వాత తర్వాత నాకు అర్థమైంది, ఇంగ్లీషులో గెలుపుకు ఉన్న మాటలన్నింటినీ ఆ ఒక్క ప్రశ్నతో విడదీయవచ్చని.

ముందు ఈ ఘనం సంగతి తేల్చేద్దాం. మన పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహారా ఆడిన రెండు ఫైనళ్లు తీసుకోండి. 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్‌లో నూట పది నిమిషాలు ఆడి 21-19, 20-22, 22-20తో ఒకుహారా గెలిచింది. రెండేళ్ల తర్వాత 2019లో బాసెల్‌లో మళ్లీ వాళ్లిద్దరే. సింధు 21-7, 21-7తో గెలిచింది. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. ఈ రెండోదానికి ఘన విజయం అనే మాట కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. మూడో గేమ్ 20-20 దగ్గర వేలాడిన మొదటి ఆటకు అదే మాట పెడితే, ఆ రెండు పాయింట్ల కోసం పడిన పాట్లు ఎక్కడికి పోవాలి? ఇంగ్లీషువాడు దాన్ని నారో అంటాడు. ఒక కుర్రవాడు 'ఇరుకు విజయం' అని రాసుకొచ్చాడు నా దగ్గరికి! మనకు లోటేమిటి? చెమటోడ్చి గెలిచింది అనవచ్చు. గట్టెక్కింది అనవచ్చు. ఈ రెండూ ఒకటి కావు, జాగ్రత్త. సమానమైనవాళ్లతో పోరాడినవాళ్లు చెమటోడుస్తారు. సునాయాసంగా గెలవాల్సిన చోట మునిగిపోబోయినవాళ్లు గట్టెక్కుతారు. ఒకుహారా గట్టెక్కలేదు, చెమటోడ్చింది.

ఆటల పేజీ అంటే చిన్నచూపు చూడకండి. తెలుగులో గెలుపు మాటలు బతికి ఉన్నది అక్కడే. టోర్నీలో మొదటి గెలుపుకు బోణీ అంటాం. అంగడి తెరిచినవాడికి పొద్దున్నే పడే మొదటి బేరం. ఇంగ్లీషువాడు అదే చోట ఖాతా తెరిచారంటాడు, అతనిది బ్యాంకు, మనది కొట్టు. చిత్తు చేయడం, మట్టి కరిపించడం కుస్తీ గోదా నుంచి వచ్చాయి. సిరీస్ పోయాక ఆఖరి ఆట గెలిస్తే ఊరట విజయం. ఆ మాట మొదట ఎవరు వాడారో గానీ, వాళ్లకు దండం పెట్టాలి.

ఇక విక్టరీ. లాటిన్‌లో వింకెరె అంటే జయించడం. అందులోంచి విక్టోరియా. రోమన్లు ఆ పేరుతో రెక్కలున్న ఒక దేవతనే కొలిచారు. గ్రీకుల దగ్గర ఆమె పేరు నైకీ, మీలో కొందరి కాళ్లకు ఆమె పేరే ఉంది. 'వచ్చాను, చూశాను, గెలిచాను' అన్న సీజరు మాటలో మూడోది కూడా ఈ వింకెరె రూపమే. కన్విన్స్ కూడా ఈ ఇంటి బిడ్డే. మనం ఒప్పించడం అనుకుంటాం గానీ దాని పుట్టుకలో ఉన్నది ఎదుటివాడిని పూర్తిగా గెలవడం. ఒక హెచ్చరిక. విక్టిమ్ అనే మాట వినడానికి చుట్టంలా ఉంటుంది, కానీ ఆ రెండింటికీ బంధుత్వం తేలలేదు. అది బలిపశువుకు లాటిన్‌లో ఉన్న మాట.

విక్టరీకి ఎదురు మనిషి కావాలి. ఒక సైన్యమో, పార్టీయో, కనీసం ఒక జబ్బో, భయమో. అందుకే దాని వెంట 'ఓవర్' వస్తుంది, మన 'పై' లాగా. లాటరీ తగిలితే విక్టరీ అనరు, ఓడినవాడెవడూ ఎదురుగా లేడు కనుక. పైగా అది పెద్ద మాట, యుద్ధాలకు అలవాటు పడిన మాట. విశాఖ బీచ్‌లో నావికాదళం స్మారకం చూసే ఉంటారు. 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టారు. దాని పేరు విక్టరీ ఎట్ సీ. అక్కడ విన్ అని పెట్టి ఉంటే ఏదో పడవ పందేలు జరిగాయనుకునేవాళ్లం.

రెండు వేళ్లు చూపించే విజయ సంకేతం కథ కూడా ఈ మాటదే. 1941 జనవరిలో విక్టర్ డి లావెలే అనే బెల్జియం నాయకుడు బీబీసీ రేడియోలో తన దేశంవాళ్లకు ఒక మాట చెప్పాడు. జర్మన్ల ఏలుబడిలో ఉన్న ఊళ్లలో గోడల మీద 'వి' అక్షరం రాయండి అన్నాడు. బెల్జియంలో ప్రధానంగా రెండు భాషలు. ఫ్రెంచిలో విక్టరీకి సాటి మాట ఆ అక్షరంతోనే మొదలవుతుంది, ఫ్లెమిష్‌లో స్వేచ్ఛ అనే మాట కూడా దానితోనే మొదలవుతుంది. ఆ తర్వాత చర్చిల్ దాన్ని వేళ్ల మీదికి తెచ్చాడు. ఇప్పుడు నామినేషన్ వేసి బయటికొచ్చే ప్రతి అభ్యర్థీ ఆ రెండు వేళ్లూ చూపిస్తాడు. పోలింగ్ ఇంకా జరగనే లేదు!

ఒక లోపం ఉంది విక్టరీకి. దానికి క్రియ లేదు. పల్లకీలో కూర్చున్న పెద్దమనిషిలాగా తనంతట తాను కదల్లేదు. కదలాలంటే విన్ మోయాలి.

విన్ అచ్చ ఇంగ్లీషు మాట. పాత ఇంగ్లీషులో దానికి కష్టపడడం, పెనుగులాడడం అని అర్థం. కుటుంబాన్ని పోషించే మనిషిని బ్రెడ్‌విన్నర్ అంటారు కదా, అక్కడ ఆ పాత వాసన ఇంకా ఉంది. అతను ఎవరినీ ఓడించి రొట్టె తేలేదు, రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చాడు. భాషా శాస్త్రవేత్తలు దీన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్లి, కోరుకోవడం, కోరింది పొందడం అనే అర్థమున్న మూల ధాతువు దగ్గర నిలబెడతారు. సంస్కృతంలో 'వన్' ధాతువు అదే. దాని నుంచి వచ్చిందే వనిత, అంటే కోరుకోబడినది. విన్నుకూ వనితకూ చుట్టరికం ఉందని మీ ఇంట్లో చెప్పి చూడండి.

మరి యుద్ధంలో గెలుపుకు ఇంగ్లీషువాళ్లకు సొంత మాట లేదా అంటే, ఉండేది. సిగె అని రాసేవారు. జర్మన్ల దగ్గర దాని తోబుట్టువు జీగ్ ఇప్పటికీ బతికే ఉంది. మనకు సహించు అనే మాటనిచ్చిన 'సహ్' ధాతువు కూడా ఆ కుదురులోదే. వేదకాలంలో దానికి లొంగదీయడం అని అర్థం, తర్వాత ఓర్చుకోవడం అయింది. ఇంగ్లీషులో మాత్రం సిగె చచ్చిపోయింది. 1066లో నార్మన్లు వచ్చి గెలిచారు. వాళ్ల ఫ్రెంచి వెంట విక్టరీ వచ్చింది, కాంక్వెస్ట్ వచ్చింది. ఓడినవాళ్ల నోట్లో విన్ మిగిలింది. కూలి చేసేవాడి మాట కూలివాడికి, కోట మాట కోటకు. విన్ వెంకటేష్ అంటే మీరెందుకు నవ్వారో ఇప్పుడు చెప్పగలరా?

విన్ దగ్గర మన పిల్లలు చేసే తప్పు ఒకటుంది. ఆస్ట్రేలియాను ఓడించాం అనడానికి ఇంగ్లీషులో 'ఆస్ట్రేలియాను విన్ అయ్యాం' అన్నట్టు రాస్తారు. ఇంగ్లీషులో విన్‌కు కర్మ బహుమతి కావచ్చు, ఆట కావచ్చు, మనసు కావచ్చు, ఎదుటి జట్టు కాకూడదు. జట్టుకు బీట్, డిఫీట్ వేరే ఉన్నాయి. మన పాత తెలుగులో శత్రువును గెలవడం ఉంది కాబట్టి ఈ తప్పు మనకు సహజంగా వస్తుంది, సిగ్గుపడక్కర్లేదు. దిద్దుకుంటే చాలు.

కానీ అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు మనదే పైచేయి. గెలిచాడు, గెలుచుకున్నాడు. ఈ 'కొను' ఇంగ్లీషులో లేదు. ఎన్నికల్లో గెలిచాడు, సీటు గెలుచుకున్నాడు. పందెం గెలిచాడు, పందెంలో కోడిని గెలుచుకున్నాడు. చేతికి ఏదైనా వస్తే 'కొను' వస్తుంది. టాస్ గెలిచాడు అంటాం గానీ టాస్ గెలుచుకున్నాడు అంటే, నాణెం జేబులో వేసుకుని వెళ్లిపోయాడేమో అనిపిస్తుంది నాకు.

స్వాతంత్ర్యం దగ్గరికి వచ్చేసరికి మనం గెలుపు మాటే ఎత్తం. సాధించుకున్నాం అంటాం. తెలంగాణ సాధించుకున్నాం అన్నారే గానీ గెలుచుకున్నాం అనలేదు. ఇంగ్లీషు కాగితంలో 'ఫ్రీడమ్ వన్' అని ఉంటే నిఘంటువు తెరవకండి, సాధించుకున్నాం అని రాసేయండి. సాధించు అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది, కోడళ్లకు తెలుసు. పట్టిన పట్టు వదలకపోవడం రెండుచోట్లా ఉంది కాబట్టి ఒకే మాట సరిపోయింది.

ట్రయంఫ్. ఇది నాకు ఇష్టమైన మాట, కాస్త ఆగుతాను.

రోములో అది గెలుపు కాదు, గెలిచాక జరిగే ఊరేగింపు. పెద్ద యుద్ధం గెలిచి వచ్చిన సేనానికి సెనేట్ అనుమతిస్తే, నాలుగు గుర్రాల రథం మీద, ముఖానికి ఎర్ర రంగు పూసుకుని నగరంలోకి వచ్చేవాడు. ముందు బందీలు, కొల్లగొట్టిన సొమ్ము, వెనక సైనికులు. సెనేట్ కాదంటే, ఎంత గెలిచినా ట్రయంఫ్ లేదు. అంటే ఈ మాటకు ఓడినవాడు ఒక్కడే చాలడు, చూసే జనం కూడా కావాలి. ఆ ఉత్సవపు వేడి ఇంకా పోలేదు. అందుకే గెలిచాక కలిగే పొంగును కూడా ట్రయంఫ్ అనే అంటారు. ట్రయంఫెంట్ అంటే ఆ పొంగుతో ఉన్న మనిషి. ట్రయంఫల్ అంటే ఆ ఉత్సవానికి చెందిన తోరణం, ఊరేగింపు. వీటిని కలపకండి, పారిస్‌లోని తోరణానికి సంతోషం అంటగట్టినట్టు అవుతుంది.

ఈ రాజసమంతా చివరికి ఎక్కడికి చేరిందో తెలుసా? పేకాటలోకి. పేకలో మిగతా రంగులన్నింటినీ కొట్టే ముక్కకు ఐరోపాలో ట్రయంఫ్ పేరే పెట్టారు. ఇంగ్లీషువాడి నోట్లో అది ట్రంప్ అయింది, డచ్చివాడి నోట్లో ట్రూఫ్ అయింది. ఓడలు దిగి మన దాకా వచ్చేసరికి తురుపు అయింది. డచ్చివాడు తెచ్చాడా, ఇంకొకడా అన్నది ఎలా ఉన్నా వేరు మాత్రం ఆ రథం దగ్గరే ఉంది. చెట్టు కింద తువ్వాలు పరిచి తురుపు ముక్క వేసే పెద్దాయన, తెలియకుండానే రోమన్ సేనానిని ఊరేగిస్తున్నాడు.

మన జాతీయ చిహ్నం కింద సత్యమేవ జయతే అని ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని 'ట్రూత్ అలోన్ ట్రయంఫ్స్' అంటారు. విన్స్ అనలేదు. విన్స్ అంటే వెంటనే ఎంత తేడాతో అని అడగబుద్ధవుతుంది. వ్యాకరణం వినే ఓపిక ఉన్నవాళ్లకు ఒక ముక్క. 'జి' ధాతువుకు 'వి' చేరితే విజయం, 'పరా' చేరితే పరాజయం. ఈ రెండు ఉపసర్గలనూ పాణిని ఒకే సూత్రంలో కట్టాడు, 'విపరాభ్యాం జేః' అని. ఇవి ముందుంటే విజయతే, పరాజయతే అనాలి. ఏదీ లేకపోతే జయతి. మరి చిహ్నం మీద జయతే ఎలా వచ్చింది? ముండకోపనిషత్తులో అలాగే ఉంది. వేదభాషకు ఆ వెసులుబాటు ఉంది, మీకూ నాకూ లేదు.

2001లో కోల్‌కతా టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 171కే అవుట్. 274 పరుగులు వెనకబడి ఫాలోఆన్ ఆడారు. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఇద్దరూ కలిసి 376 పరుగుల భాగస్వామ్యం. చివరికి ఎంత తేడాతో గెలిచారు? సరిగ్గా 171! స్కోరు కార్డు రాసేవాడికి అది విన్. పదహారు టెస్టులు వరసగా గెలిచి వచ్చిన జట్టును ఓడించారు కాబట్టి వ్యాసం రాసేవాడు విక్టరీ అనవచ్చు. ఈడెన్‌లో కూర్చుని చూసినవాడికి ట్రయంఫ్. మూడూ సరైనవే, ఎవరి చేతిలో కలం ఉందన్నదే తేడా. లక్ష్మణ్‌ది మన హైదరాబాద్ కాబట్టి నేను ఏ మాట వాడతానో మీకు తెలుసు.

కాంక్వెస్ట్ గురించి రెండు ముక్కలు. దాని మూలంలో వెతకడం, సంపాదించడం ఉన్నాయి. స్కాట్లండ్ న్యాయ పరిభాషలో, వారసత్వంగా కాకుండా తాను సంపాదించుకున్న ఆస్తిని కాంక్వెస్ట్ అనేవారు. మన దస్తావేజుల్లో రాసే స్వార్జితం లాంటిది. గెలిచి వెనక్కి వెళ్లిపోతే విక్టరీ, గెలిచి అక్కడే కూర్చుంటే కాంక్వెస్ట్. అందుకే కొండలకు ఈ మాట వాడడం నాకు నచ్చదు. ఎవరెస్టు మీద ఎవరూ కాపురం పెట్టలేదు. 2014లో తెలంగాణ బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో అక్కడికి చేరితే, తెలుగులో అధిరోహించింది అన్నాం. అదే మర్యాద. ప్రేమ విషయంలో కూడా ఇంగ్లీషువాడు కాంక్వెస్ట్ అంటాడు. మనం హృదయం దోచుకోవడం అంటాం. వాడు దండెత్తితే మనం దొంగతనం చేస్తాం, ఎవరి అలవాటు వాళ్లది.

ఎన్నికలు రాకుండా తెలుగువాళ్ల ఎదుట ప్రసంగం ముగియదు కదా. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్ల తేడాతో. 1991లో నంద్యాల ఉప ఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావు గెలిచింది 5 లక్షల 80 వేల ఓట్ల తేడాతో. చట్టం దృష్టిలో ఇద్దరూ ఒక్కటే. రాసేవాడి దృష్టిలో ఒక్కటి కాకూడదు. రెండోదాన్ని ఇంగ్లీషులో ల్యాండ్‌స్లైడ్ అంటారు. దీన్ని ఒకాయన 'కొండచరియల విజయం' అని అనువదిస్తే, తెల్లవారి ఫోన్లు వచ్చాయి, ఎంతమంది పోయారని. ఆ ఒకాయన ఎవరో మీరు అడగకండి, నేను చెప్పను. ఓడిపోయిన పార్టీకి నైతిక విజయం ఎప్పుడూ ఉంటుంది. దానికి కౌంటింగ్ అక్కర్లేదు.

పిర్రిక్ విక్టరీ అనే మాట నన్ను చాలాకాలం ఏడిపించింది. క్రీస్తుపూర్వం 279లో అస్కులమ్ దగ్గర ఎపిరస్ రాజు పిర్రస్ రోమన్ల మీద గెలిచాడు. తనవాళ్లు ఎంతమంది పోయారంటే, ఇలాంటి గెలుపు ఇంకొక్కటి వస్తే మన పని అయిపోయినట్టే అన్నాడట. ప్లూటార్క్ రాశాడు ఈ సంగతి. నేను మొదట్లో 'పిర్రిక్ విజయం' అని అలాగే దింపేసేవాడిని. ఒకసారి కుంభకోణం అనే మాట వెతుక్కుంటూ ప్రూఫ్ రీడర్ దగ్గరికి వెళ్తే, ఆయన ఏదో భూమి తగాదా గురించి ఫోనులో చెబుతున్నాడు. "ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడు, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు." పాత సామెతే, నేనూ చిన్నప్పటి నుంచి విన్నదే. పదేళ్లు పిర్రస్‌ను మోసుకు తిరిగాను గానీ ఇది గుర్తు రాలేదు.

నా సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఎవరైనా అడిగేది ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, మా ఊళ్లో సర్పంచ్ ఏకగ్రీవంగా గెలిచారని రాశారు. దాన్ని విక్టరీ అనాలా, విన్ అనాలా?)

రెండూ కాదమ్మా. ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకే మెడ, అంటే ఒకే మాట. ఇంగ్లీషులో యునానిమస్ అది. కానీ మన పంచాయతీల్లో జరిగేది వేరు. ఒకే నామినేషన్ మిగులుతుంది. అది అనపోజ్డ్, పోటీ లేకుండా ఎన్నిక. గుర్రప్పందెంలో ఒకే గుర్రం మిగిలితే, అది నింపాదిగా నడిచి గీత దాటేది. వాకోవర్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. కాబట్టి గెలిచారని రాయకు, ఎన్నికయ్యారని రాయి. ఓడినవాడు లేడు కదా.

(విద్యార్థిని: ఉన్నారు సార్. రెండో ఆయన ఆఖరి రోజు సాయంత్రం వచ్చి నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో ఊరంతటికీ తెలుసు.)

(నవ్వులు) అయితే ఆ వార్త నువ్వే రాయమ్మా. శీర్షిక పెట్టడం మాత్రం నా వల్ల కాదు.